తాళాల మేస్త్రి బీమా కొన్న వైనం

ఆ వీధిలో అతన్ని మొహం మీద తాళాల మేస్త్రి అనీ, వెనకాల అనుమానాల మేస్త్రి అనీ పిలిచేవారు. వెనకాల అలా పిలుస్తున్నారన్న సంగతి అతనికి తెలుసు. తెలియకేం, ఎవరెవరు పిలుస్తున్నారో కూడా తెలుసు.

మనిషి చెడ్డవాడేం కాదు. ఒకరి సొమ్ము ముట్టడు, ఒకరి మాట ఇంకొకరి దగ్గరికి మోయడు. కానీ నమ్మడం అనే పని మాత్రం అతని చేత కాదు. కూరగాయల కొట్టుకెళితే కూరగాయల కంటే ముందు తక్కెడ అడుగుభాగం చూస్తాడు. డాక్టరు "నీకేం లేదయ్యా, గుండ్రాయిలా ఉన్నావు" అంటే ఇంటికొచ్చి "ఏదో దాస్తున్నాడే ఆయన" అని భార్యతో అంటాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వీడికి నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాడు. నవ్వకుండా పోతే వీడికి నా గురించి ఎవరేం చెప్పారా అని ఆలోచిస్తాడు. ఇక ఆ బుర్రకి తీరికెక్కడిది చెప్పండి!

అయితే తప్పంతా అతనిదే అనడానికీ లేదు, వృత్తి అలాంటిది. దుకాణానికి వచ్చే ప్రతి మనిషీ ఒకే మాట చెబుతాడు: తాళంచెవి పోయింది, ఇల్లు నాదే, కాస్త తెరిచిపెట్టు. నిజం చెప్పేవాడూ అదే చెబుతాడు, దొంగ కూడా అదే చెబుతాడు. అందుకని మేస్త్రి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరు పిలిచినా వెళ్ళగానే తాళాన్ని ముట్టుకోడు. "ఉన్న తాళంచెవి ఏదో పెట్టి మీరోసారి తిప్పండి, నేను చూస్తాను" అంటాడు. వాళ్ళు తిప్పుతున్నంతసేపూ అతను చూసేది తాళాన్ని కాదు, వాళ్ళ మణికట్టుని. సొంత గుమ్మం ముందు నిలబడ్డవాడి మణికట్టు ఒకలా తిరుగుతుందట, పరాయి గుమ్మం ముందు నిలబడ్డవాడిది ఇంకోలా తిరుగుతుందట. అలాగే ఏదైనా కొత్త తాళం కొంటే ముందు దాన్ని దొంగలా తెరిచి చూస్తాడు. తెరుచుకుందా, అమ్మినవాడి మొహాన కొట్టి వస్తాడు.

అలాంటి మనిషి ఇంటికి బీమా వచ్చింది. అది మోసుకొచ్చినవాడు ఎవడో కాదు, సొంత బావమరిది.

ఈ బావమరిది ఇంతకు ముందు నీళ్ళు వడగట్టే మిషన్లు అమ్మాడు. మొదటిది తెచ్చి బావ ఇంట్లోనే బిగించాడు. కొన్నాళ్ళకి అది నీళ్ళు వడగట్టడం మానేసి గోడ మీదికి చిమ్మడం మొదలుపెట్టింది. ఆ మరక ఇప్పటికీ గోడ మీద ఉంది. మేస్త్రి కావాలనే దానికి సున్నం వేయించలేదు. బావమరిది ఎప్పుడొచ్చినా సరిగ్గా దాని ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చోబెడతాడు.

ఆ రోజు కూడా అక్కడే కూర్చోబెట్టాడు. బావమరిది మరక వైపు చూడకుండా సంచీ తెరిచాడు.

"బావా, మూడు ముక్కల్లో తేల్చేస్తా. ఒకటి ఆరోగ్యానిది. జబ్బు చేసి ఆస్పత్రిలో పడితే ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది. రెండోది చెయ్యో కాలో కన్నో పోయి పని చేసుకోలేకపోతే నెలనెలా ఇంత అని ఇచ్చేది. మూడోది ముసలితనానిది. ఇప్పట్నించీ కాస్త కాస్త కడితే, పని మానేశాక పెన్షన్‌లా వస్తుంది."

"ఒరేయ్, ఒక్కటి చెప్పు. నేను బాగుంటే మీ కంపెనీకి లాభమా, పడిపోతే లాభమా?"

"బాగుంటేనే బావా! నువ్వు కడుతూనే ఉంటావు, వాళ్ళు ఇచ్చే పని ఉండదు."

"మరి పెన్షన్‌లో?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "అది... నువ్వు ఎక్కువ కాలం ఉంటే వాళ్ళు ఎక్కువ ఇవ్వాలి కదా."

"అంటే పని చేసినన్నాళ్ళూ నేను నిక్షేపంలా ఉండాలి, పని మానేసిన మర్నాడు గుటుక్కుమనాలి. నా చావుకి ముహూర్తం పెట్టుకుని కూర్చున్న వాళ్ళకి నా డబ్బు నేను కట్టాలి. బాగుందిరా నీ బేరం!"

"అందరూ నీలా ఆలోచిస్తే లోకంలో బీమా అన్నదే ఉండదు బావా."

"నీలా ఆలోచిస్తే లోకంలో గోడలుండవు," అన్నాడు మేస్త్రి మరకని చూపిస్తూ.

బావమరిది ఆ దెబ్బ మింగేసి, పెన్షన్‌లో రెండు రకాలుంటాయన్నాడు. ఒకటి మనిషి ఉన్నంత కాలమే వస్తుంది. ఇంకోటి అతని తర్వాత భార్యకి కూడా వస్తుంది, కాకపోతే ఇద్దరి మీద లెక్క గనక నెలకి కాస్త తక్కువొస్తుంది. మేస్త్రి వెంటనే భార్య వైపు తిరిగి, "విన్నావా? నేను పోతే నీకు జీతమట," అన్నాడు.

మామూలుగా అయితే ఆమె ఇలాంటి మాటకి "మీరుండగానే లేదు, పోయాక వస్తుందా" అని తిప్పికొట్టేది. అసలు తమ్ముడు ఏం మోసుకొచ్చినా బావ కంటే ముందు అక్కే మొహం మాడ్చుకునేది. ఆ రోజు మాత్రం ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలో నిలబడి, ఉన్నట్టుండి అంది: "తీసుకోండి. ఆ పెన్షన్ సంగతి తర్వాత చూద్దురుగానీ, చేతిది ముందు తీసుకోండి. తొందరగా తీసుకోండి."

అంతే, మేస్త్రి లోపల ఏదో క్లిక్కుమంది. "చూద్దాం," అని లేచిపోయాడు.

చూద్దాం అంటే అతని భాషలో పరిశోధన మొదలైందని అర్థం. తన చెయ్యి పడిపోతే వచ్చే డబ్బు గురించి భార్యకి ఎందుకంత తొందర? తమ్ముడికి కమీషన్ వస్తుందనా? కమీషన్ ఒక్కటే అయితే మూడింట్లో ఏదైనా ఒకటే కదా, చేతిదే ఎందుకు? ఆ తర్వాత బావమరిది వచ్చిన ప్రతిసారీ అక్కాతమ్ముళ్ళు వంటగదిలో గుసగుసలాడుకోవడం, తను అడుగుపెట్టగానే ఇద్దరూ నోరు మూసుకోవడం చూశాడు. ఒకసారి "బావకి చెప్పేద్దామే అక్కా" అని బావమరిది, "చెప్పావంటే నా మీద ఒట్టే" అని ఆమె అనడం చెవిన పడింది కూడా. ఆ రాత్రి మేస్త్రికి ముద్ద దిగలేదు. కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఆమె తన దగ్గర దాచిన సంగతంటూ ఒక్కటి లేదనుకున్నాడు. ఇప్పుడు ఎన్ని దాచిందో అని మొదలైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటి తలుపు తాళం గొడవ వచ్చింది.

"తాళం బిగుసుకుపోయిందండీ, తిరగడం లేదు," అంది ఆమె.

తాళాల మేస్త్రి ఇంటి తాళం బిగుసుకుపోవడమా! నలుగురికీ తెలిస్తే దుకాణం మూసుకోవాలి. అతను నూనె చుక్క వేశాడు, పెన్సిల్ ముల్లు పొడి కొట్టి ఊదాడు, తిప్పి చూశాడు. వెన్నలా తిరిగింది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే మాట. ఈసారి తాళం ఊడదీసి, లోపలి పలకలన్నీ ఆకురాయితో రుద్ది బిగించాడు. మళ్ళీ అదే మాట. అప్పుడు ఆమె దగ్గరున్న తాళంచెవి తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు. మెడ దగ్గర అది కాస్త మెలిపడి ఉంది.

మామూలు చేత్తో తిప్పితే తాళంచెవి అలా మెలిపడదు. పట్టు దొరకనప్పుడు ఏదో ఇనప ముక్క పెట్టి బలవంతంగా తిప్పితేనే అలా అవుతుంది. అది దొంగలు చేసే పనని అతనికి బాగా తెలుసు.

"ఈ చెవి ఎవరికైనా ఇచ్చావా?"

"ఎవరికిస్తాను?"

"మీ తమ్ముడికి?"

"వాడికెందుకండీ మన తాళంచెవి? ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఆ మరక తప్ప ఏముంది?"

మేస్త్రి నవ్వలేదు. తాళమే మార్చేశాడు. కొత్తది ముందుగా దొంగలా తెరవబోయి, అది తెరుచుకోకపోతే మురిసిపోయి, తలుపుకి బిగించాడు. బిగించేటప్పుడే చూస్తే తన సన్న స్క్రూడ్రైవరు కనబడలేదు. దుకాణంలో వెతికాడు, ఇంట్లో వెతికాడు. పక్క దుకాణం ఫొటో స్టూడియో ఆయన్ని నిలదీశాడు. ఆయన "నీ స్క్రూడ్రైవరు నాకెందుకయ్యా, ఫొటోలు బిగించుకోనా" అని కసిరాడు. దానికి తోడు, మూలమీది దర్జీ ఇచ్చే చొక్కాలకి భార్య ఇంట్లో కాజాలు కుట్టే పని కూడా పల్చబడింది. ఎప్పుడూ కిటికీ పక్కన గుట్టగా ఉండే చొక్కాలు ఇప్పుడు రెండో మూడో ఉంటున్నాయి. అడిగితే "దర్జీ ఇవ్వడం లేదు" అంది. దర్జీని అడిగితే, "మీ ఆవిడే వద్దంటోంది మేస్త్రీ" అన్నాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. మేస్త్రి ఆలోచించి, ఇద్దరూ ఆడుతున్నారని తేల్చుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ తర్వాత జరిగింది ఒక ఎత్తు. ఒక మధ్యాహ్నం దుకాణం నుంచి ఇంటికి వస్తే తలుపు బార్లా తీసి ఉంది, ఇంట్లో మనిషి లేదు. ఆమె పక్కింటికి పోయి వస్తోంది.

"తాళం వెయ్యకుండా పోయావా! తాళాల మేస్త్రి ఇంటికి తాళం లేదా!"

"రెండు నిమిషాల పనికి తాళమెందుకులెండి."

"నీకేమైందే ఈ మధ్య?"

"నాకేం కాలేదు. మీకే అయింది," అని ఆమె లోపలికి పోయి చెంబు చప్పుడయ్యేలా గట్టు మీద పడేసింది. అది పడేసింది కాదు, చేజారింది. కానీ మేస్త్రి కోపమనుకున్నాడు, తనూ కోపం తెచ్చుకున్నాడు.

మర్నాడు ఫొటో స్టూడియో ఆయన టీ తాగుతూ తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆయన ఆస్పత్రి బిల్లు కంపెనీవాళ్ళు ఇవ్వనన్నారట. షుగరున్న సంగతి ముందు చెప్పలేదుగా అన్నారట. "మా ఏజెంటే కదయ్యా 'చెప్పకపోతే ఏం కాదు, నేను చూసుకుంటా' అన్నాడు! వాడు చూసుకున్నాడు, వాడి కమీషన్. నా చెవిలో పువ్వు పెట్టి పోయాడు."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. కొత్త తాళాన్ని ఎలా పరీక్ష చేస్తాడో బీమానీ అలాగే పరీక్ష చెయ్యాలని ఆ క్షణాన తోచింది. కొనేముందే దొంగలా తెరిచి చూడాలి. చెయ్యి పడిపోయిందని నాటకమాడితే బావమరిది రంగు బయటపడుతుంది, భార్య తొందర ఎందుకో తెలుస్తుంది. ఒకే దెబ్బకి రెండు తాళాలు ఊడతాయి. ఎంత గొప్ప ఆలోచన వచ్చిందిరా అని తనని తానే మెచ్చుకున్నాడు. ఇంతకన్నా పెద్ద పప్పులో అతను జన్మలో కాలేయలేదని మనకి తెలుసు గానీ, అతనికి తెలియదు కదా.

ఆ సాయంత్రం కుడిచేతికి ముంజేతి నుంచి వేళ్ళ దాకా కట్టు కట్టుకుని, దాని మీద ఎర్రమందు పోసుకుని ఇంటికొచ్చాడు. "సానరాయికి తగిలింది. నరం తెగిందేమో అంటున్నారు. వేళ్ళు కదలడం లేదు," అన్నాడు.

ఆమె చూసింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "అయిపోయింది," అంది, తనలో తను అనుకున్నట్టు. ఏమైపోయింది అని అడగబోయి, పరీక్ష చెడుతుందని మేస్త్రి ఊరుకున్నాడు.

కబురు తెలిసి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు. మేస్త్రి గొంతు తగ్గించి గాలం వేశాడు.

"ఒరేయ్, చేతి బీమా ఇప్పుడు తీసుకుంటా. కట్టు విప్పేసి ఎడంచేత్తో సంతకం పెడతా. దెబ్బ సంగతి రాయకు. నీ కమీషన్ నీకొస్తుంది, నా డబ్బు నాకొస్తుంది."

బావమరిది అడ్డంగా తల ఊపాడు. "వద్దు బావా. తగిలాక చెయ్యడానికి లేదు. దాచి రాస్తే రేపు నీకు పైసా రాదు, కట్టింది కూడా పోతుంది. నేను చెప్పినప్పుడే తీసుకుని ఉంటే..." అంటూ తల పట్టుకున్నాడు. "ముందు పెద్ద డాక్టరుకి చూపిద్దాం పద. ఖర్చు సంగతి నేను చూస్తా."

దొంగైతే సరేననాలి. వీడు వద్దన్నాడు, పైగా ఎదురు ఖర్చు పెడతానంటున్నాడు. మామూలు మనిషైతే ఇక్కడ ఆగి, బావమరిది మంచివాడేనని ఒప్పుకునేవాడు. మన మేస్త్రి మాత్రం, ఇంత మంచిగా ఉన్నాడంటే దీని వెనక ఇంకా పెద్దదేదో ఉందనుకున్నాడు. డాక్టరు దగ్గరికి రేపు పోదాం, ఎల్లుండి పోదాం అని దాటేశాడు.

ఆ రోజులన్నీ భార్య అతనికి ముద్దలు కలిపి పెట్టింది, చొక్కా గుండీలు పెట్టింది, తల తుడిచింది. ఒక్కో గుండీకీ ఎందుకంతసేపు పడుతోందో అతను గమనించలేదు. ఆమె కళ్ళు ఎందుకు తన కళ్ళని తప్పించుకుంటున్నాయో అదే చూస్తూ కూర్చున్నాడు. ఊడిన మేకు కళ్ళముందే కనబడుతుంటే తలుపు ఎందుకు ఊగుతోందా అని వెతికే రకం!

తెల్లారితే దుకాణానికి తోడొచ్చేది, షట్టరు ఎత్తించడానికి పక్క స్టూడియో ఆయన్ని పిలిచేది, సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చేవారు. అంతకు ముందు ఇద్దరూ కలిసి వచ్చినప్పుడల్లా తలుపు అతనే తీసేవాడు. ఇప్పుడు చేతికి కట్టుంది. మేడమెట్లెక్కి తమ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఏదో ఒక వంక పెట్టేది. "కిందికెళ్ళి ఉత్తరాల పెట్టె చూసి రండి" అనేది, "కాసేపు ఆ గాలికి నిలబడండి" అనేది.

రెండోసారి అలా అనేసరికి మేస్త్రికి తోక తొక్కినట్టయింది. తనని అవతలికి పంపి గుమ్మం దగ్గర ఏం చేస్తోంది? సరేనని మెట్లు దిగాడు. మలుపు దగ్గర ఆగి, చప్పుడు కాకుండా మళ్ళీ నాలుగు మెట్లెక్కి, గోడ చాటు నుంచి తొంగి చూశాడు.

ఆమె అటూ ఇటూ చూసింది. చేతిసంచీ కింద పెట్టింది. తాళంచెవిని ఎడంచేత్తో రంధ్రంలో పెట్టింది. తర్వాత సంచీలోంచి ఏదో తీసింది. అది అతని సన్న స్క్రూడ్రైవరు. దాన్ని తాళంచెవి తలకున్న కన్నంలో అడ్డంగా దూర్చింది. రెండు అరచేతులూ దాని రెండు కొసల మీద ఆనించి, పళ్ళు బిగపట్టి, ఒళ్ళంతా ఒరిగి తోసింది. తాళం తిరిగింది. ఆమె కుడిచేతిని ఛాతీకి అదుముకుని, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది.

మేస్త్రి చూపు, అలవాటు కొద్దీ, మణికట్టు మీదే ఉంది. దుకాణానికి వచ్చిన ఏ ముక్కూమొహం తెలియని మనిషిదైనా ఇంత చూస్తే చాలు, "తాళం బాగానే ఉందమ్మా, చేతికి చూపించుకో" అనేవాడు. ఎంతమందికో అన్నాడు కూడా. సొంత ఇంట్లో మాత్రం బిగుసుకుపోయిందంటే తాళమే అనుకున్నాడు. ఊడదీశాడు, రుద్దాడు, కొత్తది బిగించాడు. ఆమెని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "ఏదీ, నువ్వు తిప్పు, చూస్తాను" అనలేదు.

ఒక్క అంగలో పైకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచే? ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

ఆమె తన చేతిని పట్టుకున్న చేతి వంక చూస్తోంది. నరం తెగిన చెయ్యి, వేళ్ళు కదలని చెయ్యి, ఆమె మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉంది. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్ళు అయిదూ నిక్షేపంలా ఉన్నాయి.

మేస్త్రి వదిలేశాడు. కానీ అప్పటికే అడ్డంగా దొరికిపోయాడు.

ఆమె ఎడంచేత్తో కట్టు కొస పట్టుకుని లాగింది. చుట్లు చుట్లుగా ఊడొచ్చింది. లోపల చిన్న గీత కూడా లేదు.

"ఇదేంటండీ?"

"పరీక్ష... బీమా గురించి... మీ తమ్ముడిని..."

"నన్ను కూడానా?"

అతను తల దించుకున్నాడు.

ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది, కడుపులోంచి. "నాలుగు రోజులు నా చేత ముద్దలు పెట్టించుకున్నారు కదండీ. ఈ చేత్తో. ఒక్కో గుండీ పెట్టేసరికి నాకు ప్రాణం పోయేది. రాత్రంతా వేళ్ళు మండుతుంటే, నోట్లో తువ్వాలు కుక్కుకుని పడుకున్నాను, మీ నిద్ర చెడుతుందని."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఉన్నదంతా నా చేతికే తగలేస్తారు, మీ బీమా గాలికి వదిలేస్తారు. నాకు చెయ్యి పోతే మీరున్నారు. మీ చెయ్యి పోతే నేను కదా చూసుకోవాలి? చూసుకోడానికి నాకు చెయ్యేదండీ? అందుకే ముందు మీది తీసుకోమన్నాను. తొందరగా తీసుకోమన్నాను. మొన్న మీరు కట్టుతో వచ్చేసరికి, ఇంక మనిద్దరి పనీ అయిపోయిందనుకున్నాను."

అంత సిగ్గు అతను పుట్టి బుద్ధెరిగాక పడలేదు. పక్కన చతికిలబడి, ఆమె చేతిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చున్నాడు. ఆమె చెయ్యి లాక్కోలేదు. కానీ అతని వైపు చూడనూ లేదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మణికట్టులో నరం నలిగిపోతోందనీ, చిన్న కోతతో ఒత్తిడి పోతుందనీ, ఆలస్యం చేశారు గనక పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చనీ ఆయన చెప్పాడు. కాజాలు కుట్టి కుట్టి వచ్చిందన్నాడు.

ఆ తర్వాత బావమరిది సంచీతో వచ్చాడు. ఈసారి మేస్త్రి కుర్చీ తీసి మరకకి వీపు తిరిగేలా వేశాడు. బావమరిదికి అది అర్థమై కళ్ళు చెమర్చాయి. అంతమాత్రాన మేస్త్రి మారిపోయాడనుకునేరు! తాళాలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని ప్రతి ముక్కా చదివాడు, చదివిన ప్రతి ముక్కకీ "ఇది ఎందుకు రాశారు, వేలు పెట్టి చూపించు" అన్నాడు. బావమరిదికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఆరోగ్యానిది ఇద్దరికీ రాయి. ముందు మీ అక్క చెయ్యి సంగతి రాయి."

"రాస్తే ఆ చేతికి కొన్నేళ్ళ దాకా ఏమీ ఇవ్వరు బావా. ఈ కోత ఖర్చు మనదే."

"మనదే అవనీ. దాచిపెట్టిన దాని మీద ఇల్లు నిలబడదు, మాకు తెలిసొచ్చింది. రెండోది, చేతిది, నాకు రాయి. మీ అక్కకీ రాయి."

"అక్కకి రాదు బావా. ఇంట్లో పని చేసుకునే వాళ్ళకి అది ఇవ్వరు. సంపాదన చూపించాలి."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. "సంపాదన లేదా! ఆ చేతి మీదేరా ఈ ఇల్లు ఇన్నేళ్ళు నడిచింది! నా చేతికి వెల కడతారు గానీ, నాకు ముద్ద పెట్టిన చేతికి కట్టరా? ఏం కంపెనీరా మీది!"

"ఇన్నాళ్ళకి తెలిసింది కాబోలు," అంది ఆమె వంటగదిలోంచి. గొంతులో తడి లేదు.

పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి, భార్యకి కూడా వచ్చే రకమే రాయమన్నాడు. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అందులో తక్కువొస్తుందన్నారుగా?"

"రానీ."

"ఎందుకని?" అంది ఆమె. ఆ అడగడంలో ముద్దూ మురిపెం ఏమీ లేవు. ఇందులో ఏం పెట్టారు, దీని వెనక ఏముంది అన్నట్టు కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది. ఆ చూపు ఎవరిదో మేస్త్రి ఇట్టే గుర్తుపట్టాడు.

కోత అయింది. మేస్త్రి ఇంటి తాళంచెవి తలకి అడ్డంగా పెద్ద ఇనప పిడి అతికించి ఇచ్చాడు, అరచేత్తో తోస్తే చాలు తిరిగేలా. "జైలు తాళంచెవిలా ఉంది," అంది ఆమె. అయినా అదే వాడింది. వండింది, మాట్లాడింది, నవ్వొచ్చినప్పుడు నవ్వింది. ఏదో ఒకనాటికి అంతా మామూలైపోతుందనే మేస్త్రి అనుకున్నాడు.

కొన్నాళ్ళకి, దుకాణంలో తుప్పు పట్టిన తాళమొకటి విప్పుతుంటే ఉలి జారి ఎడమ అరచెయ్యి కోసుకుపోయింది. నెత్తురు ఆగలేదు. ఫొటో స్టూడియో ఆయన తన కెమెరా నల్లగుడ్డ చింపి చుట్టాడు. మేస్త్రి చెయ్యి పైకెత్తి పట్టుకుని, మెట్లెక్కి, తలుపు తట్టాడు. పిడి తిరిగిన చప్పుడైంది. ఆమె తలుపు తెరిచింది.

"తెగిందే. బాగా తెగింది," అన్నాడు.

ఆమె గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. గుడ్డ వంక చూసింది, అతని మొహం వంక చూసింది, మళ్ళీ గుడ్డ వంక చూసింది. గుడ్డ నలుపు, తడి కనబడటం లేదు.

"విప్పి చూపించండి," అంది.

మేస్త్రి గుమ్మం బయటే నిలబడి, కుడిచేత్తో ఒక్కో చుట్టే విప్పాడు. ఆఖరి చుట్టు ఊడేసరికి నెత్తురు గడప మీద పడింది. ఆమె వంగి, దగ్గరగా చూసింది. చూశాక పక్కకి జరిగి, అతనికి దారిచ్చింది.